డిప్రెషన్ మందు మొదలుపెట్టాక నిద్ర చెడింది: మీరేం చేశారు?

రేవుగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కల టీచర్ని. డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వాడుతున్నాను, నెల కావస్తోంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నారు. మందు పనిచేయడం లేదని అనను. ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం తగ్గింది, క్లాసులో నిలబడి పాఠం చెప్పగలుగుతున్నాను. కానీ నిద్ర బాగా దెబ్బతింది. పక్క మీద దొర్లి దొర్లి ఎప్పటికో కన్ను మూతపడుతుంది, నాలుగింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. పట్టిన ఆ కాస్త నిద్రలోనూ కలలే కలలు. లేచాక కూడా కాసేపు అవి నిజంగా జరిగాయేమో అనిపిస్తుంది. పొద్దున మొదటి పీరియడ్‌కి కళ్ళు మండిపోతుంటాయి.

"నిద్రే లేకపోతే మనిషేమవుతాడు, ఆ బిళ్ళలు మానెయ్యమ్మా" అంటున్నారు మా అత్తయ్యగారు. నా మీద బెంగతోనే అంటున్నారు. డాక్టరు గారు రమ్మన్న రోజు ఇంకా దూరంలో ఉంది. ఈలోగా ఏం చేయొచ్చు? కొన్నాళ్ళకి సర్దుకుంటుందా, లేక ఈ మందు నాకు పడలేదనుకోవాలా?

హైటెక్_రాత్రులు (హైదరాబాద్)

మేడమ్, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. రమ్మన్న రోజు దాకా ఆగాల్సిన పనీ లేదు. ఆస్పత్రికి ఫోన్ చేసి, "రాత్రి వేసుకుంటే నిద్ర పట్టడం లేదు, పొద్దున వేసుకోవచ్చా" అని అడగండి. చాలామందికి ముందు చేసే మార్పు అదే.

నాది సెర్ట్రాలిన్. అమెరికా షిఫ్టు, సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము మూడు దాకా. చీటీ మీద "ఉదయం" అని రాశారు. డ్యూటీ దిగి పొద్దున టిఫిన్ చేసి, బిళ్ళ వేసుకుని పడుకునేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే మెదడు మాత్రం మేలుకునే ఉండేది. ఈ సంగతి చెబితే డాక్టరు గారు, "నీకు ఉదయం అంటే నువ్వు నిద్ర లేచిన వేళ" అన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం లేచి, కాఫీ తాగే ముందు వేసుకుంటున్నాను. మార్చిన వారంలోనే తేడా తెలిసింది. మా ఆఫీసులో ఈ మందులు వాడేవాళ్ళు తక్కువేం లేరు, పైకి చెప్పుకోరు అంతే. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

మందులకొట్టు (ఏలూరు)

ఫార్మసిస్టుని, మెడికల్ షాపు నడుపుతున్నాను. కౌంటర్ దగ్గర రోజూ వినే ప్రశ్న కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇది డాక్టరు మాటకి బదులు కాదు.

డిప్రెషన్ మందులన్నీ నిద్ర విషయంలో ఒకేలా ఉండవు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్, వెన్లాఫాక్సిన్, బ్యుప్రోపియాన్ లాంటివి చాలామందిని చురుగ్గా ఉంచుతాయి, అందుకే ఎక్కువగా పొద్దున రాస్తారు. మిర్టజాపిన్, అమిట్రిప్టిలిన్, ట్రాజోడోన్ మగత తెస్తాయి, అవి రాత్రికి. పారోక్సెటిన్ కొందరికి మత్తు, కొందరికి మెలకువ. ఎస్సిటాలోప్రామ్ కూడా ఇద్దరికి ఇద్దరు తీరుల్లో పనిచేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఒకాయనకి పొద్దున వేసుకుంటే ఆఫీసులో కునికిపాట్లు, ఆయనకి రాత్రే నయం. కాబట్టి పక్కింటివాళ్ళకి కుదిరిన వేళ మనకీ కుదరాలని లేదు.

వేళ మార్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. రాత్రి డోసు వేసుకుని, మళ్ళీ తెల్లారగానే ఇంకోటి వేసుకోకూడదు. ఏ పూట వదలాలో, ఎప్పటి నుంచి కొత్త వేళ మొదలుపెట్టాలో ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి. ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికే రోజు పైన పడుతుంది, అందుకని కొన్ని గంటలు అటూ ఇటూ అయితే ఒక్కసారిగా ఏదో జరిగిపోదు. ఫ్లూఆక్సెటిన్ అయితే వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. దాని విషయంలో వేళ మార్చినా ఫలితం వెంటనే కనబడకపోవచ్చు.

కలల గురించి. మనకి కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశని రెమ్ అంటారు. ఈ మందుల్లో చాలావరకు ఆ దశని తగ్గిస్తాయి, మధ్యలో చిన్న చిన్న మెలకువలు పెంచుతాయి. కల మధ్యలో మెలకువ వస్తే ఆ కల గుర్తుండిపోతుంది. మీకు పిచ్చెక్కుతున్నట్టు కాదు, మందు ప్రభావమే.

ఇంకో సంగతి. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం డిప్రెషన్ లక్షణాల్లోనే ఒకటి. మందుకి ముందు మీ నిద్ర ఎలా ఉండేది? అది తెలిస్తే డాక్టరుకి సగం పని అయినట్టే.

రేవుగట్టు

ఫార్మసిస్టు గారూ, చాలా థాంక్సండి. ముందూ సరిగ్గా ఉండేది కాదు. నాలుగింటికి లేచి కూర్చునేదాన్ని. కానీ పడుకోగానే పట్టేది, ఈ కలలు లేవు. పట్టకపోవడం, కలలు కొత్తవి. ఇలా విడదీసి నేనెప్పుడూ ఆలోచించలేదు, ఇదే రాసి పెట్టుకుంటాను.

పచ్చనాకు

మేడమ్, ఈ ఇంగ్లీషు మందులన్నీ మానేసి అశ్వగంధ వాడండి. పాలల్లో కలుపుకుని తాగితే నిద్ర అదే వస్తుంది. నేను మూడేళ్ళుగా తాగుతున్నా, ఏ సైడ్ ఎఫెక్టూ లేదు.

మందులకొట్టు

సర్, మీకు పడిందంటే సంతోషం. ఆవిడకి మాత్రం ఆ సలహా ప్రమాదం. ఎస్సిటాలోప్రామ్ ఉన్నట్టుండి ఆపితే తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, కళ్ళు తిరగడం, చిరాకు, నిద్ర ఇంకా చెడటం జరగొచ్చు. తగ్గిన డిప్రెషన్ తిరగబెట్టొచ్చు. అశ్వగంధ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్య పత్రికల్లో నమోదైంది, మత్తు మందులతో కలిస్తే మగత పెరగొచ్చు. ఏం వాడాలనుకున్నా ముందు డాక్టరుకి చెప్పి వాడాలి. దగ్గుమందు కూడా అడిగే తీసుకోండి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్పులు, ట్రమడాల్ నొప్పి బిళ్ళలు ఈ మందులతో కలవడం మంచిది కాదు.

మానేరు_బిడ్డ (కరీంనగర్)

అక్కా, నాది ఇంకో తీరు. నేను పారోక్సెటిన్ ఏసుకుంటున్న. నిద్ర అయితే వస్తది, గని పండుకోంగనే పిక్కలల్ల ఏదో పాకినట్టు, లోపల్నుంచి గుంజినట్టు అయితది. కాళ్ళు కదిపితే తక్కువైతది, ఆపితే మళ్ళ షురూ. అర్ధరాత్రి లేసి వంటింట్ల సల్లటి బండల మీద ఉత్త కాళ్ళతోని తిరుగుత. గోడ పట్టుకోని పిక్కలు పిసుక్కుంట నిలబడ్త. మా ఆయన లేసి చూసి ఏమైంది అంటే ఏం చెప్పాల్నో తెల్వది, నొప్పి గాదు, తిమ్మిరి గాదు. తెల్లారినంక ఏం ఉండది. నిద్రకు జలుబు గోళీ ఏసుకో, మంచిగ పడ్తది అని తెలిసినోళ్ళు చెప్పిన్రు. అది ఏసుకున్న రాత్రి ఇంకింత ఎక్కువైంది. ఎవరికన్న ఇట్ల అయ్యిందా?

మందులకొట్టు

అమ్మా, మీరు చెప్పింది రెస్ట్‌లెస్ లెగ్స్ అనే ఇబ్బందిలా ఉంది. సాయంత్రం నుంచి ఎక్కువవడం, కదిపితే తగ్గడం దాని గుర్తులు. డిప్రెషన్ మందుల్లో చాలావాటితో ఇది కొత్తగా రావచ్చు, ఉన్నది పెరగొచ్చు, మిర్టజాపిన్‌తో మరీను. జలుబుకీ దురదకీ ఇచ్చే మత్తు బిళ్ళలు, అంటే ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి, దీన్ని పెంచుతాయి. మీకు జరిగింది అదే అయ్యుండొచ్చు.

డాక్టరుని ఫెరిటిన్ పరీక్ష రాయమని అడగండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువ ఉండొచ్చు. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్ళలో ఇది మామూలే. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఫెరిటిన్ మిల్లీలీటరుకి 75 నానోగ్రాముల కన్నా తక్కువుంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. పరీక్ష లేకుండా మీరే ఐరన్ మొదలుపెట్టొద్దు. ఇస్తే, టీతో కలిపి వేసుకోవద్దు, ఒంటికి పట్టదు.

ఒక తేడా గమనించండి. రాత్రి కాళ్ళకే పరిమితం కాకుండా, పగలు కూడా ఒక్కచోట కూర్చోలేక, లోపల తోసేస్తున్నట్టు, నిలువనీయనట్టు ఉంటే అది వేరే సంగతి. అకథిసియా అంటారు. దానికి అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి.

మానేరు_బిడ్డ

పగలు అట్ల లేదు సార్. నెలసరి మాత్రం మస్తు అయితది. రేపే పోయి అడుగుత.

తోటి_మనిషి (గుంటూరు)

వాడేది మావారు, రాసేది నేను. ఆయనకి వెన్లాఫాక్సిన్. కలలో చెయ్యి విసురుతారు, కాళ్ళు తంతారు, అరుస్తారు. ఒకసారి మంచం పక్కనున్న టీపాయ్‌కి చెయ్యి తగిలి గాజు పగిలింది. లేపితే, "ఎవరో తరుముతున్నారు, తోసేశాను" అన్నారు. ఆయన మెత్తని మనిషి, పగలు గొంతు కూడా పెద్దది చెయ్యరు. మొదట్లో భయమేసి పిల్లల గదిలో పడుకున్నాను. ఇలా అని డాక్టరుకి చెబితే, మామూలుగా కల వచ్చేటప్పుడు ఒళ్ళు కదలకుండా వదులైపోయి ఉంటుందట, ఈ మందుల వల్ల కొందరిలో అలా జరగదట. వయసు పైబడినవాళ్ళలో ఇలా వస్తే నరాల డాక్టరుకి కూడా చూపించాలన్నారు. మావారికి యాభై దాటింది, అందుకని న్యూరాలజిస్టు దగ్గరికీ పంపారు.

ఇప్పుడు పరుపు కింద వేశాం. గాజు వస్తువులన్నీ ఆ గదిలోంచి తీసేశాం. ఆయనకి ఒక పూట బిళ్ళ మర్చిపోయినా తెలిసిపోతుంది, ఆ రాత్రి కలలు ఇంకా ఉధృతం. అందుకే నేనే ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఇంట్లోవాళ్ళు ఇదంతా డాక్టరుకి చెప్పాలి. వాడేవాళ్ళకి తెల్లారేసరికి గుర్తుండదు కదా, చూసేది మనమే.

కొత్త_ఉదయం (విజయవాడ)

నాకు ఎస్సిటాలోప్రామ్‌తో పాటు క్లోనజెపామ్ 0.5 ఇచ్చారు. రాత్రి వేసుకుంటే హాయిగా పడుతోంది. అలవాటైపోతుందని అందరూ భయపెడుతున్నారు. మానెయ్యాలా? రేవుగట్టు గారు కూడా ఇదే అడిగితే సరిపోతుంది కదా?

మందులకొట్టు

మొదటి వారాల్లో డిప్రెషన్ మందు పట్టు దొరికేలోపు ఆందోళన, నిద్రలేమి తట్టుకోవడానికి దీన్ని కొద్దికాలం ఇస్తారు. ఆ కొద్దికాలం అనేదే ముఖ్యం. మా షాపుకి పాత చీటీ పట్టుకుని ఏళ్ళ తరబడి ఇదే కొనడానికి వచ్చేవాళ్ళున్నారు, డాక్టరు మొహం చూసి ఎన్నాళ్ళయిందో. నేను ఇవ్వను. ఇది చీటీ లేకుండా అమ్మకూడని మందు. మీ చీటీలో ఎన్నాళ్ళని ఉందో చూడండి, లేకపోతే అడగండి. ఎక్కువ రోజులు వాడి ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. దీంతో మద్యం అసలు కలవకూడదు.

సాగరతీరం (విశాఖపట్నం)

క్లినికల్ సైకాలజిస్టుని. మందుల గురించి ఫార్మసిస్టు గారు చెప్పారు, నేను రెండో వైపు చెబుతాను. నిద్ర ఒకసారి చెడ్డాక, చెడగొట్టిన కారణం తగ్గినా కూడా నిద్రలేమి కొనసాగుతూనే ఉండొచ్చు. ఎందుకంటే మంచం చూస్తేనే ఒంట్లో ఉలికిపాటు మొదలవుతుంది. ఎనిమిదింటికే పక్క మీద చేరి నిద్ర కోసం ఎదురుచూడటం, గంట గంటకీ టైమ్ చూసుకోవడం, పగలు రెండు గంటలు పడుకోవడం, ఇవన్నీ దాన్ని ముదరబెడతాయి.

దీనికి మందు లేని చికిత్స ఉంది, సీబీటీ-ఐ అంటారు. పెద్దల్లో దీర్ఘకాలపు నిద్రలేమికి ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలోనూ పనిచేస్తుంది. ఇంట్లో మొదలుపెట్టగలిగినవి చెబుతాను. రాత్రి ఎలా గడిచినా, ఆదివారమైనా, లేచే వేళ మారకూడదు. లేచిన వెంటనే డాబా మీదో గుమ్మంలోనో అరగంట వెలుతురులో ఉండాలి. నిద్ర ముంచుకొస్తేనే పక్క మీదకి వెళ్ళాలి. పట్టకపోతే లేచి వేరే గదిలో తక్కువ వెలుగులో కూర్చోవాలి, ఫోన్ వద్దు. మళ్ళీ కళ్ళు వాలినప్పుడే రావాలి. గడియారాన్ని గోడ వైపు తిప్పేయండి. ఒకే గదిలో అందరూ పడుకునే ఇళ్ళలో "లేచి ఎక్కడికెళ్ళాలండీ" అని అడుగుతారు, సబబైన ప్రశ్నే. మంచం దిగి కుర్చీలో కూర్చున్నా చాలు, పక్క మీద పోరాటం జరగకూడదు, అంతే.

మంచం మీద గడిపే గంటలే కుదించే పద్ధతి ఇంకొకటి ఉంది, బాగా పనిచేస్తుంది. కానీ బైపోలార్ (డిప్రెషనూ, అతి ఉత్సాహమూ మారి మారి వచ్చే జబ్బు) గానీ, మూర్ఛ గానీ ఉన్నవాళ్ళు దాన్ని సొంతంగా చేయకూడదు. నిద్ర తగ్గితే అవి రెండూ రెచ్చిపోతాయి.

రేవుగట్టు గారూ, ఒక కాగితం మీద రోజూ పొద్దున నాలుగు ముక్కలు రాయండి. బిళ్ళ వేసుకున్న వేళ, పక్క మీద చేరిన వేళ, సుమారుగా ఎప్పుడు పట్టింది, ఎప్పుడు లేచారు. రాత్రి గడియారం చూసి రాయొద్దు, పొద్దున అంచనాగా చాలు. డాక్టరు ముందు "నిద్ర పట్టట్లేదు" అనే మాట కన్నా ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

తమ్ముడి_కోసం (డాలస్)

బైపోలార్ మాట వచ్చింది కాబట్టి ఇది రాయాల్సిందే. మా తమ్ముడు అనంతపురంలో ఉంటాడు. డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టాక నిద్ర తగ్గింది. కానీ వాడు అలిసిపోలేదు. రెండు గంటలు పడుకుని, లేచి ఇల్లంతా కడిగేవాడు. అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా వ్యాపారాల గురించి మాట్లాడేవాడు. డిప్రెషన్ పోయిందని అమ్మానాన్న మురిసిపోయారు. నాకే గుబులుగా ఉండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని పట్టుబట్టాను. మేనియా అని తేల్చి మందు మార్చారు. ఇప్పుడు బాగున్నాడు.

నిద్ర లేక నీరసంగా ఉండటం వేరు, నిద్రే అక్కర్లేదన్నట్టు ఉత్సాహంగా ఉండటం వేరు. రెండోది కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

నిర్వాహకులు

ఈ పోస్టుని పైన పిన్ చేస్తున్నాం. దీంతో పాటు: మందు మొదలుపెట్టిన, లేదా మోతాదు మార్చిన తొలి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వాళ్ళలో, చనిపోవాలనే ఆలోచనలు వచ్చినా పెరిగినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. డాక్టరుకి ఫోన్ చేయండి, దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దొరకని రాత్రి వేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా దానికి చేయొచ్చు.

అమ్మకి_తోడు (నెల్లూరు)

అందరూ నిద్ర లేదంటున్నారు, మా అమ్మకి ఎక్కువైంది. డెబ్బై దాటిన మనిషి. రాత్రి మిర్టజాపిన్. నిద్ర బాగా పడుతోంది, ఆకలి కూడా వచ్చింది, కానీ పొద్దున పదింటిదాకా మగతే. తెల్లవారుజామున బాత్రూంకి లేచి తూలి పడబోయింది. డాక్టరు గారు వేళ ముందుకి జరిపి, రాత్రి ఎనిమిదింటికే ఇమ్మన్నారు. "మోతాదు తగ్గిస్తే మగత తగ్గుతుందా" అంటే, ఈ మందుకి తక్కువ మోతాదులోనే మత్తు ఎక్కువగా కనబడొచ్చని చెప్పారు, నాకు ఆశ్చర్యమేసింది. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వేసి ఉంచుతున్నాం. దారిలో ఉన్న పట్టా తీసేశాం. వయసు మీరినవాళ్ళకి ఇస్తున్నవాళ్ళు సోడియం పరీక్ష గురించి కూడా అడగండి. కొన్ని డిప్రెషన్ మందులతో సోడియం పడిపోతే కూడా మనిషి మగతగా, తికమకగా ఉంటారట.

చెమటరాత్రి

నాకు డులాక్సెటిన్‌తో రాత్రి ఒళ్ళంతా చెమట, చొక్కా పిండుకునేంత. మెలకువ దానివల్లే. పొద్దునకి మార్చారు, కొంచెం తగ్గింది. నూలు దుప్పటి, పక్కన ఇంకో పొడి చొక్కా. జ్వరం, బరువు తగ్గడం లాంటివి లేవు కదా అని అడిగి, టీబీ, థైరాయిడ్ కావని పరీక్షలు చేశాకే మందు వల్ల అన్నారు.

రేవుగట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫోన్ చేశాను. డాక్టరు గారు పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చారు, ఏ రాత్రి వదిలెయ్యాలో చెప్పారు. క్లోనజెపామ్ అడగనా వద్దా అనుకుంటుంటే ఆయనే, "ముందు ఇది చూద్దాం" అన్నారు.

ఇప్పుడు పడుకోగానే పడుతోంది. కలలు ఉన్నాయి గానీ మునుపంత తరమడం లేదు. నాలుగింటి మెలకువ మాత్రం అలాగే ఉంది. అది మందుకి ముందు నుంచీ ఉన్నదేనని కాగితం చూపిస్తే, డిప్రెషన్ ఇంకా పూర్తిగా తగ్గలేదనడానికి అదొక గుర్తన్నారు, వచ్చేసారి మోతాదు గురించి ఆలోచిద్దామన్నారు. అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్ళాను. ఆవిడ అడగాల్సినవన్నీ ఆయన్నే అడిగారు. ఇప్పుడు నాలుగింటికి నేను లేస్తే ఆవిడా లేచి హాల్లోకొస్తున్నారు. వద్దన్నా వినరు.

చార్మినార్_చాయ్ (హైదరాబాద్)

కొత్తగా చేరాను. నాది ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదే పదే వెంటాడే జబ్బు), ఫ్లూవోక్సమైన్ వాడుతున్న. రాత్రే వేసుకోమన్నారు. ఇదివరకు రోజుకి నాలుగైదు చాయ్‌లు తాగినా పడుకునేవాణ్ణి. ఇప్పుడు మధ్యాహ్నం ఒక్క ఇరానీ చాయ్ తాగినా రాత్రంతా గుండె దడదడ, నిద్ర రాదు. మందు వేళ మార్చమని అడగాలా? దోస్తు మెలటోనిన్ బిళ్ళలు ఇచ్చాడు, ఇంకా వేసుకోలేదు.

మందులకొట్టు

తమ్ముడూ, ఆ మెలటోనిన్ పక్కన పెట్టండి. కెఫీన్‌ని విరిచేసే కాలేయపు ఎంజైమ్‌ని ఫ్లూవోక్సమైన్ గట్టిగా అడ్డుకుంటుంది. మామూలుగా అయిదారు గంటల్లో సగమయ్యే కెఫీన్ మీ ఒంట్లో రోజు దాటినా పూర్తిగా పోదు. అందుకే మధ్యాహ్నపు చాయ్ అర్ధరాత్రి పనిచేస్తోంది. మెలటోనిన్ కూడా అదే దారిలో పోతుంది, కాబట్టి అదీ ఒంట్లో చాలా రెట్లు పెరుగుతుంది. డాక్టరుకి చెప్పకుండా వద్దు.

వేళ మార్చమని అడిగే ముందు కెఫీన్ తగ్గించి చూడండి. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది. రోజుకి ఒకటి చొప్పున తగ్గిస్తూ పొద్దున అరకప్పు దగ్గరికి రండి. కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు, కెఫీన్ ఉన్న తలనొప్పి బిళ్ళలు కూడా లెక్కలోకే వస్తాయి. అప్పటికీ పట్టకపోతే డాక్టరుకి ఫోన్ చేయండి. రేపెప్పుడైనా ఈ మందు ఆపినా, వేరేదానికి మార్చినా చాయ్ లెక్క మళ్ళీ మారుతుంది, అప్పుడు కూడా అడగండి.

చార్మినార్_చాయ్

షుక్రియా అన్నా. రంజాన్ నెలలో రోజా ఉంటాను, అప్పుడు సహరీకి వేసుకోవాలా, ఇఫ్తార్ తర్వాతా?

మందులకొట్టు

ఈ మందు ఎక్కువమందికి మగత తెస్తుంది కాబట్టి ఇఫ్తార్ తర్వాత, పడుకునే ముందు అనే చెప్పే అవకాశం ఎక్కువ. కానీ ఆ నెలలో మీ నిద్ర రెండు ముక్కలవుతుంది. తరావీహ్ నమాజు తర్వాత ఎన్నింటికి పడుకుంటారో, సహరీకి ఎన్నింటికి లేస్తారో కాగితం మీద రాసి, నెల మొదలవక ముందే డాక్టరుకి చూపించండి.